పెద్ద బండి బ్రేకు పాత జీపుకు పడుతుందా?

సుంకి నుంచి సాలూరుకు ఘాట్ దిగే పాత జీపెప్పుడైనా ఎక్కారా? మలుపుమలుపుకీ బ్రేకు తొక్కితే కాసేపటికి కాలిన వాసన ముక్కుకు తగులుతుంది. బ్రేకు చేసే పని, పరుగును వేడిగా మార్చడం. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు! ఆ వేడికి ప్యాడ్ల పట్టు సడలుతుంది.

పెద్ద పికప్ ట్రక్కు డిస్కు బరువైనది, త్వరగా కాగిపోదు. పైగా దాన్ని ప్యాడ్లు ఇరుసుకు దూరంగా పట్టుకుంటాయి. తిరగలి పిడి అంచునే ఎందుకుంటుందో తెలుసుగా, అదే కిటుకు.

మరి పీకి బిగించేస్తే? చిన్న చక్రంలో, ప్యాడ్లను నొక్కే కాలిపర్ పట్టకపోవచ్చు. పిస్టన్లు పెద్దవైతే పాత మాస్టర్ సిలిండర్ తోసే బ్రేకు ఆయిల్ చాలక పెడల్ లోతుకు దిగిపోతుంది. లారీ సామాను ఊసే వద్దు, దానివి గాలి బ్రేకులు.

ఘాట్ తెలిసిన డ్రైవరు ముందు గేరు తగ్గిస్తాడు. అప్పుడు ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది.