పొగలేని పరిమళము

సుగంధద్రవ్యములను తగిన పాళమున గూర్చు నేర్పునకు గంధయుక్తి యని పేరు. వాత్స్యాయనుడు దీనిని అఱువదినాలుగు కళలలో నొకటిగా లెక్కించెను. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికొక యధ్యాయమునే కేటాయించెను. నేడీ విద్య యంగడివారి పాలయినది. మన కిండ్లలో మిగిలినవి సాంబ్రాణియు, అగరువత్తియు మాత్రమే. అవి పూజకు శోభయే కాని, యింట ఉబ్బసపు రోగియో, పసికందో యున్నప్పుడు పొగ హితవు గాదు. కావున పొగయు నిప్పును లేని యొక యుపాయమును సోదరీమణులకు దెలుపుచున్నాము.

ప్రమిదలోని వత్తి నూనెను పైకి లాగుకొనుట మన మెఱిగినదే. అట్లే సన్నని పుల్లలను పరిమళతైలమున నిలిపినచో, వానిలోని వెండ్రుకవంటి రంధ్రములగుండ తైలము పైకెక్కి, కొనలనుండి మెల్లగా గాలిలో గలియును.

కావలసినవి:— మూతి యిఱుకైన గాజుబుడ్డి యొకటి. దానికి రెండింతల పొడవుగల పేముపుల్లలు ఆఱు. బాదమునూనె 75 మిల్లీలీటరులు. నిమ్మగడ్డి తైలము 20, వట్టివేరు తైలము 5 మిల్లీలీటరులు. వ్యయమునకు జంకువారు పాళము మార్పక నాలుగవవంతు చేసి చూడవచ్చును.

మూతి వెడల్పైనచో తైలము వ్యర్థముగా నాఱిపోవును. కొన్ని తైలములు ప్లాస్టిక్కును మెత్తబఱచును గాన గాజే శ్రేష్ఠము. పేములో రంధ్రములు మొదటినుండి తుదివఱకు నెడతెగక యుండును. వెదురు వాడువారు కణుపులేని చీలికలనే యేఱుకొనవలెను. ఆముదము చిక్కనిదగుటచే పుల్ల కెక్కదు. కొబ్బరినూనె 24 డిగ్రీలకు దిగువ గడ్డకట్టును గాన చలికాలమున బనికిరాదు. నిమ్మగడ్డి వాసన తేలికయై గదిలో త్వరగా వ్యాపించును. వట్టివేరు తైలము చిక్కన; దాని వాసన నిదానముగా వెలువడి చిరకాలము నిలుచును. అందుచే నీ రెంటిని గలిపితిమి.

చేయు విధము:— బుడ్డిని గడిగి తడి లేకుండ నారబెట్టవలెను. తైలములను బోసి బాగుగా గలిపి పుల్లలను నిలుపవలెను. కొన్ని గంటలైన పిమ్మట వానిని తలక్రిందులు చేయవలెను. అటుపై వారమున కొకమాఱు త్రిప్పిన జాలును. దుమ్ముచే రంధ్రములు పూడిన పుల్లలు మరల బనికిరావు. క్రొత్త తైలమునకు క్రొత్త పుల్లలే వేయవలెను. నూనె ముక్కవాసన గొట్టినచో పాఱబోయవలెను.

జాగ్రత్తలు:— బుడ్డిని బిడ్డల కందనిచోట నుంచుట యన్నిటికంటె ముఖ్యము. సుగంధతైలము కొలదిగా మ్రింగినను పసివారికి బ్రాణాపాయము గలుగవచ్చును. అట్లు జరిగినచో వాంతి చేయింపక, ఆ బుడ్డితో సహా బిడ్డను తక్షణమే వైద్యునియొద్దకు గొనిపోవలెను. పిల్లులకును నీ తైలములు హానికరములు. దీపమునకును, పొయ్యికిని దూరముగా నుంచవలెను. ఒలికిన తైలము బల్లల మెఱుగును జెఱుచును గాన క్రింద నొక పళ్లెరముంచుట మంచిది. పసికందు పరుండు గదిలో గాక నడవలో నుంచుట మేలు. ఘాటైన వాసనయే పడని రోగి యున్న యింట నిదియు దగదు.

తుదకొక్క మాట. పరిమళము పరిశుభ్రతకు బదులు గాజాలదు. తూము కడిగించి, తడిబట్టల నెండవేసి, కిటికీలు దెఱచిన పిమ్మటనే యీ బుడ్డిని నిలుపుడు. శుభ్రమైన యింట నాఱు పుల్లలే యెక్కువ; కంపు మూసిపెట్టిన యింట నూఱు పుల్లలైనను జాలవు.