మలుపు తిప్పితే పాత కారు ఎందుకు గరగరమంటుంది?

ప్రశ్న: మాది పాత మారుతి 800. తిన్నగా పోతున్నంతసేపూ ఏ శబ్దమూ ఉండదు. యూ టర్న్ తీసుకున్నా, సందులో స్టీరింగ్ బాగా తిప్పినా ముందువైపు గరగరమంటుంది, స్టీరింగ్ అదురుతుంది. ఎందుకిలా? ఏది పాడైందో తెలుసుకునేదెలా?

జవాబు: ముందుగా, మలుపులోనే ఎందుకు వస్తుందో చూద్దాం. అంబాసిడర్‌లో ఇంజిన్ బలం వెనక చక్రాలకు పోతుంది. 1983లో వచ్చిన మారుతి 800లో, ఆ తర్వాత వచ్చిన చాలా చిన్న కార్లలో అది ముందు చక్రాలకే పోతుంది. అంటే బండిని లాగేదీ, పక్కకు తిప్పేదీ ఆ రెండు చక్రాలే. మలుపులో బండి బరువు బయటివైపు చక్రం మీదకు ఒరుగుతుంది. పైగా ఆ చక్రం ఎక్కువ దూరం నడవాలి. మారుతి 800ని పూర్తిగా కట్ చేసి యూ టర్న్ తిప్పితే బయటి ముందు చక్రం లోపలి చక్రం కన్నా సుమారు 3 మీటర్లు ఎక్కువ తిరుగుతుంది. తిన్నగా పోయేటప్పుడు బయటపడని అరుగుదల ఇక్కడ బయటపడుతుంది.

మొదట అనుమానించాల్సింది యాక్సిల్ చివర, చక్రం దగ్గరుండే సీవీ జాయింట్‌ని. చక్రం ఎటు తిరిగినా యాక్సిల్ బలం ఆగకుండా అందించడం దాని పని. గిన్నెలాంటి ఉక్కు భాగంలో చెక్కిన గాళ్లలో సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లు కదులుతుంటాయి. చుట్టూ చిక్కటి నల్ల గ్రీసు, దానిపైన ముడతల రబ్బరు బూటు. ఏళ్లు గడిచాక ఆ రబ్బరు ముడతల దగ్గర పగులుతుంది. చక్రం తిరిగే వేగానికి గ్రీసు బయటికి చిమ్ముతుంది, దుమ్మూ వాన నీళ్లూ లోపలికి పోతాయి. ఇసుక కలిసిన గ్రీసు నూరుడు పిండిలా పనిచేసి గాళ్లను గుంటలు పడేలా తినేస్తుంది. స్టీరింగ్ తిప్పి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు గుండ్లు ఆ గుంటల్లో పడి లేస్తుంటే టకటకమని వినిపిస్తుంది. బాగా అరిగితే అదే గరగరగా, అదురుగా మారుతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఖాళీ మైదానంలో స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి, మొదటి గేరులో నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. కాస్త యాక్సిలరేటర్ ఇవ్వండి. తర్వాత రెండోవైపు. చక్రం వేగంతో పాటు టకటక కూడా పెరిగితే జాయింటే. బండి ఆపి ముందు చక్రాల వెనక టార్చి వేసి చూడండి. బూటు చిరిగి, రిమ్ము లోపలివైపు నల్ల గ్రీసు చిమ్మిన చారలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

టకటక కాకుండా గుయ్‌మని మోగుతూ, వేగంతో పెరిగే శబ్దమైతే చక్రం బేరింగ్‌ని చూడాలి. ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే సాధారణంగా కుడి బేరింగ్, కుడికి తిరిగినప్పుడైతే ఎడమది. బరువు అటే పడుతుంది కదా. సమతలమైన చోట హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ముందు చక్రాన్ని జాకీతో లేపండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడకూడదు. ఆడితే బేరింగ్ గానీ, చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ గానీ వదులైనట్టే. ఒక చేయి కాయిల్ స్ప్రింగ్ మీద వేసి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పండి. పాడైన బేరింగ్ గరుకుదనం స్ప్రింగ్ లోంచి వేళ్లకు తెలుస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి మాత్రం దూరకండి.

మిగతావి త్వరగా తేలిపోతాయి. బ్రేకు తొక్కినప్పుడు శబ్దం మారితే ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, డిస్కు వెనక రేకులో చిన్న రాయి ఇరుక్కుని ఉండవచ్చు. బండి కదలకుండా స్టీరింగ్ తిప్పినా కిర్రుమంటూ స్ప్రింగ్ ఎగిరిపడితే సస్పెన్షన్ పైనుండే మౌంటు బేరింగ్ పోయినట్టు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లు పూర్తిగా తిప్పి పట్టినప్పుడు మూలుగుతాయి. అలా పట్టి ఉంచకండి, ఆయిల్ మట్టం చూడండి. పెద్ద టైర్లు వేయించి ఉంటే మడ్‌గార్డు లోపల రాసుకుని నిగనిగలాడే చోటు కోసం వెతకండి. తిన్నగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడే బండి అదిరితే గేర్‌బాక్సు వైపు జాయింట్‌నీ, ఇంజిన్ మౌంటింగులనూ చూపించండి.

వీటిలో ఏది ఆగుతుంది, ఏది ఆగదు? చక్రం ఆడుతున్నా, బ్రేకులో ఇనుము ఇనుముకు రాసుకుంటున్నా ఆ రోజే బాగుచేయించాలి. సీవీ జాయింట్ టకటకతో కొన్నాళ్లు నడవవచ్చు, కానీ విరిగితే ఇంజిన్ తిరుగుతున్నా బండి కదలదు. అలాంటి బండిని హైవే ఎక్కించకండి. శబ్దం మొదలయ్యాక గ్రీసు కూరి కొత్త బూటు తొడిగినా అరిగిన గాళ్లు పూడవు, జాయింట్ మార్చాల్సిందే. శబ్దం రాకముందే చిరుగు కంటపడితే, లోపలికి ఇంకా మట్టి చేరకపోతే, శుభ్రం చేయించి కొత్త గ్రీసుతో బూటు మార్చితే చాలు. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ నాలుగు బూట్లూ చూడమని మెకానిక్‌ని అడగండి. షెడ్డుకు వెళ్లినప్పుడు "శబ్దం వస్తోంది" అని ఊరుకోకుండా ఎటు తిప్పితే, ఎంత వేగంలో, ఏది తొక్కితే వస్తోందో చెప్పండి. అవసరం లేని సామాను మార్పించే ఖర్చు తప్పుతుంది.