ఉమ్మనీటి పరీక్ష: వారాల లెక్క తప్పొద్దు

‘హై రిస్క్, 250లో 1’. రిపోర్టులో ఈ మాట చూసి ఇల్లంతా కుమిలిపోతుంది. నిజానికి అలాంటి రిపోర్టు వచ్చిన 250 మందిలో సగటున 249 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉండదు. రక్తపరీక్ష, 11–13 వారాల ఎన్‌టీ స్కాన్ కలిపి చెప్పేది అవకాశం ఎంతన్నదే. ఆ ఒక్క కాగితంతో గర్భం తీయించుకోవడం ఘోరం. తేల్చి చెప్పేది సూది పరీక్షే.

స్కాన్ తెరమీద బిడ్డనూ మాయనూ చూస్తూ డాక్టర్ సన్నని పొడవాటి సూదిని పొట్టమీది నుంచి లోపలికి దింపుతారు. మూడు నాలుగు చెంచాల ఉమ్మనీరు తీస్తారు. అందులో బిడ్డ ఒంటినుంచి రాలిన కణాలుంటాయి. ల్యాబ్‌లో వాటిని పెంచి క్రోమోజోములు లెక్కిస్తారు. 46 ఉండాలి. 21వ రకం రెండుకు బదులు మూడుంటే డౌన్ సిండ్రోమ్. ఈ సంగతి 1959లో బయటపడింది. గర్భం పోయే ముప్పు ఉంది, కానీ అనుభవమున్న చేతుల్లో అది నూటికి ఒకటికన్నా తక్కువే. తల్లిది నెగెటివ్ గ్రూపు రక్తమైతే ముందే చెప్పాలి, యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం కావచ్చు.

ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు నిండాకే. మాయ ముక్క తీసే పరీక్ష 11–13 వారాల్లోనే చేయొచ్చు. పూర్తి ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది. బోధన్‌లో ఉండే గర్భిణి ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ దాకా ఆగి, నిజామాబాద్ వచ్చి, అక్కడినుంచి హైదరాబాద్ నిమ్స్ జన్యు విభాగానికి వెళ్లేసరికి 22 వారాలు దాటొచ్చు, ఫలితం చేతికొచ్చేసరికి 24 కూడా. 2021 సవరణ తర్వాత కూడా గర్భస్రావ చట్టం 24 వారాలు దాటితే మెడికల్ బోర్డు ముందుకే పంపుతుంది.

‘మేనరికం కాదు కదా, మాకెందుకు’ అంటారు. మేనరికంతో పెరిగేది తలసేమియా వంటి జబ్బుల ముప్పు. డౌన్ సిండ్రోమ్‌కు తల్లి వయసే పెద్ద కారణం, అయినా పాతికేళ్ల తల్లికీ రావచ్చు.

మా నిజామాబాద్ జిల్లాలో ఇంకో చిక్కు, భర్త గల్ఫ్‌లో ఉండటం. ఆయన వచ్చేదాకా ఆగక్కర్లేదు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఈ పరీక్షకు సంతకం గర్భిణిదే. మంచిచెడ్డలు ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పి, ఆ పత్రం నకలు ఆమెకివ్వాలి. ఆడో మగో చెప్పడం నేరం. ఫలితం తెలిశాక బిడ్డను కనాలన్నా వద్దన్నా ఆ మాట ఆమెదే కావాలి.

అత్తమ్మలారా, అమ్మలారా, కోడలికో బిడ్డకో నెల తప్పిందని తెలిస్తే మూడో నెల నిండకముందే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. ఎన్‌టీ స్కాన్ ఎప్పుడని మీరే అడగండి.