ఏడు కిలోమీటర్ల పైపుల మోపు, మీటరుకు 46 కిలోల తేలిక

స్కాట్లండ్ ఈశాన్య కొసన కేత్‌నెస్ అనే ప్రాంతం ఉంది. అక్కడి విక్ పట్టణానికి ఉత్తరాన, సింక్లెయిర్ అఖాతం ఒడ్డు నుంచి లోపలి బీడు భూముల్లోకి తిన్నగా పట్టాలు వేశారు. వాటి పొడవు ఏడున్నర కిలోమీటర్లకు పైనే. ఆ పట్టాల మీద నడిచేవి చిన్న ఇనుప ట్రాలీలు. వాటి మీద పరుచుకుని, ఒకే ముక్కగా సముద్రంలోకి జారేది దాదాపు అంత పొడవూ ఉండే ఉక్కు పైపుల మోపు. వెస్టర్ అనే ఈ యార్డులో సబ్‌సీ 7 సంస్థ, దానికి ముందు యార్డును నడిపిన సంస్థలు కలిసి 1980 నుంచి 80కి పైగా మోపులు కట్టి, ఉత్తర సముద్రంలోని చమురు, గ్యాస్ క్షేత్రాలకు లాగించుకుపోయాయి.

సముద్రం అడుగున ఒక బావి తవ్వారనుకోండి. దానికి ఒక్క పైపు చాలదు. చమురు పైకి రావడానికి ఒకటో రెండో పైపులు కావాలి. చమురుపొరలో ఒత్తిడి తగ్గకుండా నీళ్లు పంపడానికి ఒకటి, బావిలోకి గ్యాస్ ఎక్కించి చమురును తేలిక చేయడానికి ఒకటి ఉండాలి. వీటికి తోడు వాల్వులను తిప్పే హైడ్రాలిక్ గొట్టాలు, కరెంటు తీగలు, రసాయనాలు పంపే సన్న గొట్టాలు. మామూలు పద్ధతిలో ఒక్కో దానికి ఒక్కో నౌక వచ్చి, ఒక్కో వరుస పరిచి వెళ్తుంది. మోపు పద్ధతిలో అన్నిటినీ నేల మీదే పక్కపక్కన పేర్చి, ఒక పెద్ద పైపులో పెట్టి మూసేస్తారు. ఆ పెద్ద పైపును క్యారియర్ అంటారు. రెండు కొసలా టోహెడ్ అనే ఉక్కు చట్రాలు ఉంటాయి. బావులకు కలిపే వాల్వులూ మానిఫోల్డులూ వాటిలోనే బిగించి ఉంటాయి.

నేల మీద కట్టడంలో లాభమేమిటో వెల్డింగ్ లెక్క చెబుతుంది. పైపు ముక్క సుమారు 12 మీటర్లు. 7 కిలోమీటర్ల పైపుకు 580కి పైగా అతుకులు పడతాయి. మోపులో అలాంటివి ఆరు పైపులుంటే మొత్తం 3,500 అతుకులు. నౌక మీదైతే ఈ పని ఊగుతున్న డెక్కు పైన, వాతావరణం అనుకూలించినప్పుడే సాగాలి. పని ఆగినా నౌక అద్దె ఆగదు. యార్డులో మాత్రం అతుకును కప్పు కిందే వేస్తారు, అక్కడే పరీక్షిస్తారు, బాగా లేకపోతే కోసి మళ్లీ వేస్తారు. కదలకుండా నిలబడి వెల్డింగ్ చేసే మనిషి చేతిలో అతుకు బాగా వస్తుందన్నది ఈ పద్ధతికున్న మొదటి బలమని నేననుకుంటాను. మిగతా లాభాల కంటే దీన్నే ముందు చెప్పాలి.

ఇక దీన్ని సముద్రంలో మోసేదెవరు? నీళ్లే. భద్రాచలం ఏజెన్సీ నుంచి వెదురును తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించిన రోజులు గుర్తున్నవారికి సగం సంగతి తెలిసినట్టే. తేడా ఏమిటంటే వెదురు తనంత తానే తేలుతుంది, ఉక్కు తేలదు. దాన్ని తేల్చాలంటే మీటరు మీటరుకూ లెక్క కుదరాలి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇవి ఏ ఒక్క ప్రాజెక్టు అంకెలూ కావు, నేను కట్టిన లెక్క. అయితే కొలతలు నిజంగా వాడే స్థాయిలోనివే.

క్యారియర్ బయటి వ్యాసం 1 మీటరు, గోడ మందం 15 మిల్లీమీటర్లు. సముద్రపు నీరు ఘనపు మీటరుకు 1,025 కిలోలు తూగుతుంది. కాబట్టి ఈ పైపు ప్రతి మీటరు పొడవుకు 805 కిలోల నీటిని పక్కకు తోస్తుంది. అంటే నీళ్లు మీటరుకు 805 కిలోలు మోయగలవు. ఆ బరువులోంచి క్యారియర్ ఉక్కు 364 కిలోలు పోతుంది. లోపల 8 అంగుళాల చమురు పైపులు రెండు, 130 కిలోలు. ఆ రెండింటినీ ఇన్సులేషన్‌తో సహా పొడిగా ఉంచే 18 అంగుళాల తొడుగు పైపు, 105. నీళ్లు పంపే 12 అంగుళాల పైపు, 97. గ్యాస్ పైపు, 22. ఆసరా చట్రాలు, తీగలు, తుప్పును అడ్డుకునే లోహపు దిమ్మెలు వగైరా ఓ 41. అన్నీ కూడితే 759. మిగిలింది 46 కిలోలు, అదే మోపు తేలిక. ప్రయాణంలో లోపలి పైపులన్నీ ఖాళీగానే ఉంటాయి కనుక అదనపు బరువేమీ ఉండదు. 7 కిలోమీటర్ల మోపు బరువు 5,300 టన్నులు దాటుతుంది, తేలిక మాత్రం మొత్తం మీద 320 టన్నులు.

ఈ 46 ఎంత సున్నితమైన అంకె! నీటి సాంద్రత 1,025 కాక 1,020 ఉందనుకుంటే మీటరుకు 4 కిలోల తేలిక పోతుంది. ఏడు కిలోమీటర్లకు అది 28 టన్నులు. గోడ మందం ఒక మిల్లీమీటరు ఎక్కువైతే మీటరుకు 24 కిలోలు పెరిగి తేలికలో సగం హరించుకుపోతుంది. అందుకే లోపలికి వెళ్లే ప్రతి ముక్కా బరువు తూగి, పుస్తకంలోకెక్కాకే వెళ్తుంది. తేలిక తేలికేనని వదిలేయడానికీ లేదు. మోపు నీటిపైకి తేలితే అలలు దాన్ని వంచుతాయి. 8 సెకన్లకోసారి వచ్చే అలలు గంటకు 450. ముప్ఫై రెండు గంటల ప్రయాణంలో 14,400 సార్లు వంగి లేచే ఉక్కు అతుకులు అలసిపోతాయి. ఆ అల పొడవు సుమారు 100 మీటర్లు. అలాంటి అల కదలిక 50 మీటర్ల లోతుకు వెళ్లేసరికి పైనున్న దానిలో 4 శాతమే మిగులుతుంది. మోపు వెళ్లాల్సిన దారి అక్కడ, పైనా కాదు, అడుగునా కాదు.

ఆ మధ్యదారిలో దాన్ని నిలిపేవి గొలుసులు. క్యారియర్ పొడవునా వరుసగా ఇనుప గొలుసులు వేలాడదీస్తారు. మన ఉదాహరణలో వాటి బరువు నీటిలో మీటరుకు సగటున 60 కిలోలనుకుందాం. మోపు కదలకుండా ఉన్నప్పుడు గొలుసు కొస సముద్రపు నేలను తాకి కుప్పపడుతుంది. కుప్పపడిన భాగం బరువు నేల మీదుంటుంది, వేలాడే భాగం బరువే మోపు మీద పడుతుంది. మోపు పైకి లేస్తే ఎక్కువ గొలుసు వేలాడి కిందికి లాగుతుంది, కిందికి దిగితే బరువు తగ్గి పైకి లేస్తుంది. 4 మీటర్ల గొలుసయితే దాదాపు 3 మీటర్ల ఎత్తున అది తనంతట తానే నిలుస్తుంది. మోటారు లేదు, కంప్యూటరు లేదు. ఇంజనీరింగులో నాకు ఎంతో అందంగా తోచే పరిష్కారాల్లో ఇదొకటి.

ముందు నుంచి టగ్గు ఓడలు లాగడం మొదలుపెడితే ఇదే గొలుసు రెండో పని చేస్తుంది. నీటి ఒరవడికి గొలుసులు వెనక్కి వాలతాయి. వాలిన గొలుసును నీరు కొంత పైకి నెడుతుంది. వేగం పెరిగే కొద్దీ ఆ నెట్టుడు పెరుగుతుంది. మన లెక్కలో గొలుసు 60, తేలిక 46. తేడా 14 కిలోలు, మొత్తం 98 టన్నులు. ఆ 98 టన్నులను నీటి ఒరవడే మోసే వేగం రాగానే మోపు నేలను పూర్తిగా వదిలి పైకి లేస్తుంది. సుమారు 5 నాట్లు, అంటే గంటకు 9 కిలోమీటర్ల పైచిలుకు వేగమిది. ముందు టగ్గులు లాగుతుంటే వెనక ఇంకో టగ్గు బిగువుగా పట్టి ఉంచుతుంది. లోతును కొలుస్తూ పక్కన ఒక నౌక సాగుతుంది, ఇతర ఓడలు దారికి అడ్డు రాకుండా మరొకటి కాపలా కాస్తుంది. వేగం తగ్గిస్తే మోపు దిగుతుంది, పెంచితే లేస్తుంది. 300 కిలోమీటర్ల దూరానికి 32 గంటలు. ఆ 32 గంటల మంచి వాతావరణం కోసం వారాల తరబడి సిద్ధపడి ఎదురుచూస్తారు.

చేరాల్సిన చోట మోపును మెల్లగా దించి, నేలకు కొద్ది ఎత్తున లాగి, ముందే పెట్టిన గుర్తుల మధ్యకు సరిగ్గా తెస్తారు. ఆ తర్వాత క్యారియర్‌లోకి తుప్పు పట్టనివ్వని మందు కలిపిన సముద్రపు నీరు నింపుతారు. తొడుగు పైపు పొడిగానే ఉండిపోతుంది, మిగతా ఖాళీలోకి మీటరుకు 494 కిలోల నీరు చేరుతుంది. అంతవరకూ 46 కిలోల తేలికగా ఉన్నది ఇప్పుడు దాదాపు 450 కిలోల బరువై కూర్చుంటుంది. సముద్రపు ప్రవాహం దాన్ని కదిలించలేదు. చేపల ట్రాలర్ లాగే వల దాని మీదుగా జారిపోతుంది, లోపలి పైపులను తాకదు. ఉత్తర సముద్రంలో సన్న పైపులను సాధారణంగా కందకం తవ్వి పూడుస్తారు. మోపుకు ఆ ఖర్చు తప్పుతుంది.

మోపు చేసే మరో మేలు వేడి నిలపడం. చమురు భూగర్భం నుంచి వేడిగా వస్తుంది, ఉత్తర సముద్రపు అడుగు నీరు మాత్రం పది డిగ్రీలకు లోపే ఉంటుంది. పైపులో చమురు చల్లారితే మైనం గట్టిపడి గోడలకు పేరుకుంటుంది. ఒత్తిడి ఎక్కువుంటే 20 డిగ్రీల దగ్గరే నీరూ గ్యాసూ కలిసి మంచులాంటి హైడ్రేట్‌గా గడ్డకడతాయి. ఘనపు మీటరు హైడ్రేట్‌లో 160 ఘనపు మీటర్లకు పైగా గ్యాస్ బంధించి ఉంటుంది. ఆ గడ్డ పైపుకు అడ్డం పడితే ఉత్పత్తి వారాల పాటు నిలిచిపోవచ్చు. మోపులో చమురు పైపు పక్కనే వేడినీటి పైపు పెట్టొచ్చు. 1998లో ఉత్పత్తి మొదలైన బ్రిటానియా క్షేత్రంలో ప్లాట్‌ఫారానికి 15 కిలోమీటర్ల దూరాన ఉన్న బావులకు వేడినీటితో కాచే మోపునే వేశారు. ఒకటి కంటే ఎక్కువ మోపులను సముద్రం అడుగున కొసకు కొస కలుపుకుంటూ పోవచ్చు కూడా. కినౌల్ నిల్వ నుంచి ఆండ్రూ ప్లాట్‌ఫారం వరకు బీపీ వేయించిన మోపు వరుస 28 కిలోమీటర్లు. 2014 డిసెంబరులో అందులో చమురు పారినప్పుడు అలాంటి వాటిలో ప్రపంచంలో అతి పొడవైనది అదేనని బీపీ భావించింది.

ఇంత బాగుంటే మన కాకినాడ తీరంలో ఎందుకు లేదు? జవాబు లోతులో ఉంది. 2020 డిసెంబరులో ఉత్పత్తి మొదలుపెట్టిన కేజీ డీ6 ఆర్ క్లస్టర్ అనే గ్యాస్ క్షేత్రం 2,000 మీటర్లకు పైగా లోతున ఉంది. అక్కడ నీటి ఒత్తిడి గాలి ఒత్తిడికి 200 రెట్లు. క్యారియర్ చితికిపోకుండా లోపల నైట్రోజన్ నింపి ఒత్తిడిని సరితూచడం రివాజు. 100 మీటర్ల లోతుకు 10 రెట్ల ఒత్తిడి చాలు, మన 15 మిల్లీమీటర్ల గోడ మీద పడేది 33 మెగాపాస్కల్‌ల బిగువే. అదే 200 రెట్లు ఒడ్డునే నింపితే బిగువు 667 అవుతుంది. వాడే ఉక్కు 450 దగ్గరే సాగిపోతుంది. సురక్షితంగా తట్టుకోవాలంటే గోడ 31 మిల్లీమీటర్లు కావాలి. అప్పుడు క్యారియర్ ఒక్కదాని బరువే మీటరుకు 741 కిలోలు. 805లో మిగిలేది 64. అంత ఒత్తిడిలో నైట్రోజన్ ఘనపు మీటరుకు 200 కిలోలకు పైగా తూగుతుంది, లోపలి ఖాళీని నింపే గ్యాసే 100 కిలోలు. ఒక్క చమురు పైపు కూడా పెట్టకముందే మోపు మునిగింది. మందపు గోడ తన సొంత బలంతో కొంత ఒత్తిడి ఓర్చుకుంటుంది, కనుక నైట్రోజన్ తగ్గించవచ్చు. గోడ బరువు మాత్రం తగ్గదు.

లోతుకు ఎవరూ పోలేదని కాదు. మెక్సికో సింధుశాఖలో 1997లో ఉత్పత్తి మొదలైన ట్రాయికా క్షేత్రం 2,700 అడుగుల లోతున ఉంది. బుల్‌వింకిల్ ప్లాట్‌ఫారానికి అక్కడి నుంచి 14 మైళ్లు. ఆ పైపులను లాగే తీసుకెళ్లారు. అయితే నీళ్ల మధ్యన కాదు, సముద్రపు నేల మీద ఈడ్చుకుంటూ. నేల మీద ఈడ్చేదానికి తేలిక అంతగా అక్కర్లేదు. నేల మెత్తగా, దారి చదునుగా ఉండటం కావాలి.

మన తీరానికి ఇంకో అడ్డు కూడా ఉంది. సముద్రానికి ఎదురుగా 7 కిలోమీటర్ల తిన్నని దారి, 100 మీటర్ల వెడల్పు వేసుకున్నా 170 ఎకరాలు దాటుతుంది. గోదావరి డెల్టాలో అది కాలువలను, చెరువులను, ఊళ్లను కోసుకుంటూ పోవాలి. ఉప్పాడ దగ్గర సముద్రం ఏటా ఒడ్డునే తింటోంది. కేత్‌నెస్ బీడు భూములు ఈ పనికి దొరకడం వెనక భూగోళం కూడా ఉంది, డబ్బూ యంత్రాలూ మాత్రమే కాదు.

ఇక అసలు చర్చ జరగాల్సింది ముగింపు లెక్క మీద. మన ఉదాహరణలో క్యారియర్ ఉక్కు ఒక్కటే 2,500 టన్నులకు పైగా, అంటే మోపు మొత్తం బరువులో సగానికి కాస్త తక్కువ. అది పడవగా పనిచేసింది 32 గంటలు, కవచంగా పనిచేసేది రెండు మూడు దశాబ్దాలు. క్షేత్రం మూతపడ్డాక దాన్ని మళ్లీ తేల్చాలంటే 3,400 టన్నులకు పైగా నీటిని బయటికి తోడాలి, ఆ నీటి బదులు గ్యాస్ నింపినా తట్టుకునే గోడ ఇంకా మిగిలి ఉండాలి. దశాబ్దాలు ఉప్పునీటిలో ఉన్న ఉక్కు మీద అలాంటి నమ్మకం పెట్టుకోలేం. మిగిలిన దారి ముక్కలుగా కోసి పైకెత్తడం, లేదంటే అక్కడే వదిలేయడం. 20 మీటర్ల ముక్కలుగా కోస్తే 350 కోతలు, ఒక్కో కోతలో ఆరు పైపులు. వేసేటప్పుడు మిగిల్చిన నౌకల రోజులు తీసేటప్పుడు ఖర్చవుతాయి. కొత్త మోపుకు అనుమతి ఇచ్చేటప్పుడే ఈ 350 కోతల ఖర్చును కంపెనీ పుస్తకాల్లో రాయించాలన్నది నా అభిప్రాయం. ఆ పని ఆలస్యమైన కొద్దీ పైపులు తుప్పుపడతాయి, కంపెనీలు చేతులు మారతాయి, బిల్లు ప్రభుత్వ ఖజానా వైపు జరుగుతుంది.