కొండ మీద మబ్బు

మస్కట్ వచ్చిన కొత్తలో 'వాదీ' అన్న మాట వినగానే నాకు మన వాగే గుర్తొచ్చింది. అర్థమూ దాదాపు అదే. కాకపోతే ఇక్కడి వాదీలు చాలావరకు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి, గులకరాళ్ల బాటల్లా ఉంటాయి. అందుకే ధైర్యంగా కార్లు దింపేస్తాం, చాపలు పరుస్తాం, పులిహోర డబ్బాలు విప్పుతాం.

2024 ఫిబ్రవరి చివర్లో ఒక శుక్రవారం మూడు కుటుంబాలం కురియాత్ దాటి ఒక వాదీలోకి వెళ్లాం. తల మీద ఆకాశం నీలంగా ఉంది. పైన, హజర్ కొండల మీద మాత్రం నల్లటి మబ్బు కూర్చుంది. మేకలు తోలుకుపోతున్న ఒక ఒమానీ పెద్దాయన ఆగి, కొండవైపు చెయ్యి చూపించి "మతర్ ఫిల్ జబల్" అన్నాడు. కొండ మీద వాన అని. ఆ మాత్రం అరబ్బీ మాకందరికీ వచ్చు.

ఎవరూ కదల్లేదు. మా జట్టులో అందరికంటే పెద్దాయన, అందరం అన్నగారూ అని పిలుస్తాం, "ఇక్కడ ఎండ కాస్తుంటే వానేమిటండీ, ఇంత దూరం వచ్చి వెనక్కెళ్తామా" అన్నారు. నాకు ఈ దేశంలో మొదటి ఉద్యోగం ఇప్పించింది ఆయనే. నేను నోరు మెదపలేదు. చివరికి మా ఆవిడే, "ఏవండీ, పిల్లల్ని ఎక్కించండి, మనం వెళ్దాం" అంది. మేం బయల్దేరితే మిగతావాళ్లూ మొహాలు మాడ్చుకుని బయల్దేరారు.

ఆ రోజు ఆ వాదీలో చుక్క నీరు రాలేదు. తర్వాత నెల రోజులు నా పేరు 'వాతావరణ శాఖ'.

వాంకూవర్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకుతో ఈ సంగతి చెబితే నవ్వలేదు. వాడు వసంతం మొదట్లో మంచు కొండల్లో స్కీయింగ్‌కి వెళ్తాడు. వెళ్లే ముందు, మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఎంతుందో చెప్పే ప్రకటన చదువుతాడు. అందులో అయిదు అంచెలుంటాయి. ఎక్కువ మంది చనిపోయేది అయిదో అంచె రోజున కాదట, మూడో అంచె రోజున. అయిదో అంచె అంటే ఎవరూ ఇల్లు కదలరు. మూడో అంచె నాడు వాలు అందంగా కనిపిస్తుంది, ఎండ కాస్తుంది, ముందు ఎవరో వెళ్లిన జాడ ఉంటుంది. "వెనక్కి తిరిగినవాడికి ఎప్పుడూ రుజువు దొరకదురా" అన్నాడు.

ముందు వెళ్లిన జాడ అంటే నాకు నా తప్పే గుర్తొచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, రోడ్డు మీదుగా వాదీ పారుతుంటే, ముందు లారీ దాటింది కదా అని నేనూ చిన్న కారు పోనిచ్చాను. మధ్యలో వెనక చక్రాలు పక్కకు జరగడం ఇప్పటికీ వెన్నులో తెలుస్తుంది. పారే నీరు ఒక అడుగు లోతుంటే చాలు, చిన్న కారును తేల్చేస్తుంది. రెండడుగులైతే చాలా బళ్లు నిలవవు. ఇలా దాటడం ఇక్కడ చట్టరీత్యా నేరమని కూడా అప్పుడు నాకు తెలీదు.

ఏప్రిల్ 9న ఉగాది, మర్నాడు ఈద్. సెలవులయ్యాక 14న, ఆదివారం, పనులు మొదలైన రోజే వాన విరుచుకుపడింది. ఉత్తర షర్కియాలోని సమద్ అల్ షాన్‌లో బడిపిల్లలున్న బండిని వరద ఈడ్చుకుపోయింది. ఆ వారం దేశంలో సుమారు 20 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలే. అదే ఏడాది సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఒక తండ్రీకూతుళ్ల కారును తీసుకుపోయింది. వాళ్లు హైదరాబాద్ విమానాశ్రయానికి బయల్దేరినవాళ్లు. విమానం టైము ఎంత తరుముతుందో మనలో తెలియనిదెవరికి!

మస్కట్‌లో ఏడాది వాన సగటున 100 మిల్లీమీటర్లు. అదీ ఒకటి రెండు రోజుల్లో పడిపోవచ్చు. హజర్ కొండలు బోడిరాళ్లు, నీటిని పీల్చుకునే మట్టి తక్కువ. పడ్డదంతా పిల్లవాగుల్లోంచి ఒకే ఇరుకులోకి దూకుతుంది. కాబట్టి మన నెత్తి మీద ఆకాశం లెక్కలోకి రాదు, ఎగువ కొండ మీద ఆకాశం చూడాలి. మార్చి, ఏప్రిల్లలో మధ్యాహ్నం దాటాక ఆ మబ్బులు చూస్తుండగానే పెరుగుతాయి. ఇప్పుడు నేను వాతావరణ శాఖ హెచ్చరిక ముందు రోజు రాత్రి, మళ్లీ పొద్దున చూస్తాను. కారు మొహం బయటికి వెళ్లే దారివైపు ఉండేలా నిలుపుతాను. గుడారం వాదీ అడుగున వెయ్యను. తేటనీరు బురదరంగుకు తిరిగినా, పుల్లలు కొట్టుకొస్తున్నా, పైనుంచి ఉరుములాంటి హోరు వినిపించినా సామాను వదిలేసి పక్క గట్టు ఎక్కడమే. కారు కోసం వెనక్కి వెళ్లకూడదు. పోలీసు నంబరు 9999 పిల్లలకూ నేర్పాం. కానీ లోపలి వాదీల్లో ఫోను సిగ్నల్ ఉండదు. ఎక్కడికి వెళ్తున్నామో, ఎన్నింటికి వస్తామో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లడం మేలు.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. పెద్దవాళ్ల ముందు "వద్దండీ" అనడమే నాకింకా అలవాటు కాలేదు. అందుకని బయల్దేరే ముందే ఒక ఒప్పందం పెట్టుకున్నాం: ఎవరు వద్దన్నా, పదేళ్ల పిల్ల వద్దన్నా, కారణం అడక్కుండా అందరం వెనక్కి.

అన్నగారు ఫిబ్రవరి సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మరుసటి ఏడాది మార్చిలో వాదీ బనీ ఖాలిద్‌కి వెళ్దామనుకున్న పొద్దున ఆరింటికే ఆయన ఫోను.

"కొండ మీద ఎలా ఉందిట?" అన్నారు.