పేరు ఉన్నది, జాడ లేదు

నోయిడాలోనో, గురుగ్రామ్‌లోనో ఒక కార్యాలయంలో జీతాల బట్వాడా రోజున లినక్స్ సర్వర్ బ్యాంకు కంప్యూటర్‌ను చేరుకోలేక మొరాయించిందనుకోండి. అందరి అనుమానమూ ఇంటర్నెట్ మీదికి పోతుంది. కాని తప్పు ఇంట్లోనే ఉండవచ్చు.

యంత్రాలు ఒకదానినొకటి గుర్తించేది అంకెలతో; పేర్లు మన సౌకర్యం కోసం. ఒకప్పుడు పేర్లూ అంకెలూ ఉన్న ఒకే జాబితాను కంప్యూటర్లన్నీ నకలు చేసుకొని దాచుకొనేవి. యంత్రాలు పెరిగి ఆ పద్ధతి కుదరకపోవడంతో, 1983లో పాల్ మొకాపెట్రిస్ డి.ఎన్.ఎస్. వ్యవస్థను రూపొందించాడు. అందులో ఎవరి పేర్ల పట్టీని వారే చూసుకుంటారు. ‘డాట్ ఇన్’ పేర్ల బాధ్యత న్యూఢిల్లీలోని నిక్సీ సంస్థది.

అయితే పాత జాబితా అంతరించలేదు. ‘హోస్ట్స్’ అనే చిన్న ఫైలుగా లినక్స్ సర్వర్లలో మిగిలి ఉన్నది. సాధారణంగా సర్వర్ మొదట నమ్మేది దానినే. ఎప్పుడో పరీక్ష కోసం వ్రాసిన చిరునామా అందులో ఉండిపోతే, లోకమంతా సరైన జవాబు చెప్పినా సర్వర్ వినదు.

పరీక్ష సులభం. ‘డిగ్’ ఆదేశంతో బయటి నేమ్ సర్వర్‌ను నేరుగా అడగండి. తరువాత ‘గెటెంట్ హోస్ట్స్’ ఆదేశంతో మీ సర్వర్‌నే అడగండి. రెండవ జవాబు వేరుగా ఉంటే హోస్ట్స్ ఫైలు తెరవండి. జవాబే రాకపోతే ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ ఫైలులోని నేమ్ సర్వర్ చిరునామాను సరిచూడండి. డిగ్‌కు కూడా జవాబు రాకపోతే అప్పుడు లైనును అనుమానించవచ్చు.

చిరునామా మారిన రోజునే పాత పంక్తిని తుడిచివేయాలి. మరచిపోయేది ఒకరు, జీతం ఆగేది మరొకరికి.