మతాబుల మందు – కళ్ళు, చేతులు జాగ్రత్త

దీపావళి దగ్గర పడుతుందంటే పామర్రు చుట్టుపక్కల కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ చిచ్చుబుడ్లు కూరుతారు. లైసెన్సు లేకుండా బాణసంచా తయారుచేయడం నేరమని చెప్పినా, ‘మా తాతల నాటి నుంచీ కూరుతున్నాం, ఏమీ కాలేదు’ అంటారు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన ఆ మందు పాతకాలపు తుపాకిమందుకు స్వయానా తమ్ముడే.

అలాంటి పాత తుపాకులను విదేశాల్లో షూటింగ్ రేంజిలలో నేటికీ సరదాగా కాలుస్తారు. అక్కడివారు మందుడబ్బాలోంచి నేరుగా తుపాకి గొట్టంలోకి వంపరు. ఒక్కో గుండుకు కావలసిన మందును ముందే కొలిచి, మూతలున్న చిన్న సీసాలలో విడివిడిగా తెచ్చుకుంటారు. ఎందుకంటే, పేలిన తరువాత గొట్టం అడుగున నిప్పురవ్వ మిగిలిపోవచ్చు. పోసే మందు అంటుకున్నా ఆ ఒక్క కొలతే భగ్గుమంటుంది, డబ్బా మొత్తం చేతిలో పేలదు. డబ్బా మూత బిగించి దూరంగా ఉంచుతారు. పొగతాగేవారిని దగ్గరకు రానివ్వరు.

మరి మన ఇళ్ళలో? పళ్ళెం నిండా మందు, చుట్టూ పిల్లలు, అరుగు మీద చుట్ట కాలుస్తూ తాతగారు! పేలని టపాకాయల మందు కాగితంలో పోగుచేసి వెలిగించడం మరీ ప్రమాదం. కళ్ళు, వేళ్ళు పోయేది అక్కడే.

ఒళ్ళు కాలితే వెంటనే 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీయండి. ఇంకు, టూత్‌పేస్టు, వెన్న పూయవద్దు. కంటికి దెబ్బ తగిలితే నలపకండి, గుచ్చుకున్నది లాగకండి. కన్ను నొక్కుకోకుండా పైన కాగితపు కప్పు బోర్లించి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.